మా వీధి గుమ్మాల ఎత్తు: ప్రాజెక్టు డైరీ

2025 మార్చి, మూడో ఆదివారం

ఈ రోజు పని మొదలుపెట్టాం. సామాను: 15 మీటర్ల సన్నటి ప్లాస్టిక్ లెవెల్ ట్యూబ్, ఒక బకెట్టు, నీలిమందు సీసా, స్టీలు టేపు, సుద్దముక్కలు, గళ్ల నోటుబుక్కు. మనుషులు: నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే నలుగురు పదో తరగతి పిల్లలు, తాపీ మేస్త్రీ బాబాయి, నేను.

చేయాలనుకున్నది చిన్న పనే. విజయవాడ పాయకాపురంలో మా వీధిలో 46 ఇళ్లున్నాయి. ఏ ఇంటి గుమ్మం ఎంత ఎత్తులో ఉందో ఒకే లెక్కలో రాయాలి. ఎవరింట్లోకి నీరు ముందొస్తుంది, ఎవరింట్లోకి ఆఖర్న వస్తుంది అన్న వరస మాకు తెలియాలి.

ఈ ఆలోచన ఆర్నెల్లుగా నన్ను వదల్లేదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లవారుజామున మా వీధిలోకి బుడమేరు వాగు వరద వచ్చింది. ముందురోజంతా వాన పడుతూనే ఉంది, ఊళ్లో 20 సెంటీమీటర్లు దాటేసింది. మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయని టీవీలో చూస్తూ, అయ్యో పాపం అనుకుంటూ పడుకున్నాం. మా గుమ్మం గురించి ఒక్కరం కూడా అనుకోలేదు. ఫోన్లకు హెచ్చరికలు వచ్చాయి, రాలేదని అనను. కానీ వాటిలో ఉన్నది 'లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి' అన్న మాట. మాది లోతట్టా, కాదా? మా వీధిలో ఎవరిది లోతు? పక్కింటి అత్తయ్యగారు "మాది మెరక కదమ్మా, మా మావగారు మట్టి తోలించి కట్టారు" అన్నారు. గంటలో ఆవిడ ఫ్రిజ్ తేలింది.

అందుకే అడుగులు, అంగుళాలు కాకుండా సెంటీమీటర్లలో రాద్దామని కూర్చున్నాం. రామాలయం అరుగు పైభాగాన్ని సున్నా అనుకున్నాం. దానికి పైనున్నది ప్లస్, కిందున్నది మైనస్. పిల్లలకు సంఖ్యారేఖ పాఠం మళ్లీ చెప్పే పని తప్పింది.

ట్యూబులోకి నీలిమందు కలిపిన నీళ్లు ఎక్కించి, ఒక కొస అరుగు దగ్గర, రెండో కొస మొదటి ఇంటి గుమ్మం దగ్గర పట్టుకుంటే, రెండు చోట్లా నీరు ఒకే మట్టంలో నిలబడుతుంది. అక్కణ్ణుంచి టేపుతో కిందికి కొలుచుకోవడమే. సాయంత్రానికి 12 ఇళ్లు అయ్యాయి. బాగా సాగిందనుకున్నాను.

మార్చి, నాలుగో ఆదివారం

మొదటి వారం కొలతలన్నీ కొట్టేశాం.

పట్టించింది మేస్త్రీ బాబాయి. వరద నీరు మా వీధిలో వారం పైన నిలబడింది. వచ్చేటప్పుడు ఉరవడిగా వచ్చినా తర్వాత చెరువులా ఆగిపోయింది. ఆగిన నీరు ప్రతి గోడ మీదా బురద గీత గీసి పోయింది. "ఆ గీత అన్ని ఇళ్లకీ ఒకటే మట్టం అమ్మా, నీటికి మించిన రసమట్టం లేదు. మీ లెక్క కరెక్టయితే ఆ గీత అన్ని ఇళ్ల దగ్గరా ఒకే నంబరు రావాలి" అన్నాడు.

సంక్రాంతికి అందరూ సున్నాలు, రంగులు వేసేసుకున్నారు. గీత బయట కనబడదు. వెతికాం. మెట్ల కింద, బీరువా వెనక, మీటరు బాక్సు పక్కన, ఉబ్బిపోయిన తలుపు చెక్క మీద దొరికింది. దగ్గరికెళ్లి చూస్తే అది ఒక్క గీత కాదు. పైన ముదురు గోధుమ రంగులో వేలి మందం చార. దాని కింద, నీరు తగ్గుతూ రోజుకొక చోట ఆగినట్టు, సన్న సన్న గీతలు దొంతరగా ఉన్నాయి. మూడో ఇంట్లో బీరువా వెనక ఆ చారలో ఒక వరి గింజ అతుక్కుని ఉంది. ఎక్కడి పొలానిదో, కవులూరు నుంచి వచ్చిందో, ఇంకా పైనుంచి వచ్చిందో.

పై చారనే కొలిచాం. మూడో ఇంటి దగ్గర +118. ఏడో ఇంటి దగ్గర +117. పన్నెండో ఇంటి దగ్గర +127. అంటే ఏడుకీ పన్నెండుకీ మధ్య ఎక్కడో మేం తప్పాం. ట్యూబుని ఎండలో పరిచి వేలితో తడుముకుంటూ పోతే, మడత దగ్గర గాలి బుడగ. అదే తేడా తెచ్చింది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి లెక్క అందించుకుంటూ పోతాం కాబట్టి ఒక దగ్గర తప్పితే ఆ తర్వాతి ఇళ్లన్నీ తప్పే.

ఇక నుంచి పద్ధతి ఇది: బకెట్టు డాబా మీద పెట్టి, ట్యూబు నింపి, బుడగలన్నీ పోయేదాకా నీరు కిందికి పారనివ్వాలి. మొదలుపెట్టే ముందు రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని మట్టం కలిసిందో లేదో చూడాలి. ఒక కొస ఎండలో, ఒక కొస నీడలో ఉండకూడదు, రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. ప్రతి ఐదో ఇంటి దగ్గర వరద గీతతో సరిచూసుకోవాలి.

మా ఇళ్లు ముంచిన నీరే మా కొలతలు దిద్దిపెట్టింది. ఆ రోజు ఇంటికొచ్చాక చాలాసేపు ఆ గీత గురించే ఆలోచించాను.

శ్రీరామనవమి, ఏప్రిల్ 6

పందిరి, పానకం, వడపప్పు. వీధంతా గుడి దగ్గరే ఉంటుంది కదా అని కొలతల కాగితం అరుగు మీద అంటించాను. 46 ఇళ్లూ పూర్తయ్యాయి. వరద గీత ఇప్పుడు అన్ని చోట్లా +117, +118, +119 మధ్యనే వస్తోంది, కాబట్టి నమ్మకంగా పెట్టగలిగాను.

అన్నిటికంటే ఎత్తు గుమ్మం +41. అన్నిటికంటే పల్లం −62. ఆ పల్లం ఇల్లు వీధి చివర పూలమ్మే మామ్మగారిది. మా ఇల్లు +8. అంటే ఆ వరదలో మా ఇంట్లో 110 సెంటీమీటర్లు, మామ్మగారింట్లో 180. ఆవిడ నిలువెత్తు దాటిన నీరు. ఆ రాత్రి ఎదురింటి కుర్రాళ్లు భుజాన వేసుకుని డాబా మీదికి చేర్చారు కాబట్టి ఉన్నారు.

అరుగు మట్టం దాకా నీరొస్తే 21 ఇళ్లు మునుగుతాయి. ఐదు ఇళ్ల గుమ్మాలు రోడ్డు కంటే కిందికి ఉన్నాయి. కట్టినప్పుడు కిందికి లేవు. మాకు తెలిసి మూడుసార్లు రోడ్డు వేశారు, పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే వేశారు. రోడ్డు పెరిగింది, ఇల్లు అక్కడే ఉండిపోయింది. మామ్మగారి గుమ్మం ముందు రోడ్డు −53లో ఉంది, గుమ్మం కంటే 9 సెంటీమీటర్లు ఎత్తు.

'మాది మెరక' అన్న అత్తయ్యగారి గుమ్మం −11. కాగితం ముందు నిలబడి రెండుసార్లు చదువుకున్నారు. "మావగారు తోలించిన మట్టంతా ఏమైందమ్మా?" అన్నారు. మట్టి అక్కడే ఉంది, చుట్టూ ఊరే ఎత్తు పెరిగింది అని చెప్పాను.

ఇంటి నంబరుతో పాటు ఆ అంకెను గుమ్మం పక్కన పెయింటుతో రాద్దామంటే గొడవైంది. అద్దెకిచ్చిన ఇంటి ఓనర్లు ఒప్పుకోలేదు. "మైనస్ అని గోడ మీద రాస్తే అద్దెకెవరొస్తారు? రేపు అమ్ముకోవాలంటే?" ఆ బాధ నాకు అర్థమైంది. వరద తర్వాత ఈ చుట్టుపక్కల స్థలం కొనడానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది అదే. ఆఖరికి తలుపు తీస్తే లోపలి వైపు, ద్వారబంధం మీద రాయడానికి అందరూ ఒప్పుకున్నారు. ఇంట్లో ఉండేవాళ్లకు తెలిస్తే చాలు.

ఏప్రిల్, మూడో వారం

ఇంకుడు గుంత గురించి రెండు ముక్కలు. గుడి వెనక ఐదడుగుల గుంత తవ్వి కంకర, ఇసుక వేశాం. అకాల వానొకటి పడితే నాలుగు రోజులు నిండుగా నిలబడింది, దోమలు పెట్టాయి. కింద నల్లరేగడి. అది నీరు తాగి ఉబ్బి మూసుకుపోతుంది. ఇసుక పొర తగిలేదాకా బోరు వేస్తే తప్ప మా నేలలో ఇంకదు. పూడ్చేశాం. ఆ డబ్బులతో రెండు డ్రమ్ములు కొని గుడి కప్పు నీటికి పెట్టాం.

మే, రోహిణి కార్తె

కొలతల పని ఆపి ఎండ లెక్క చూస్తున్నాం. ఇది మొదట అనుకున్న ప్రాజెక్టులో లేదు. మామ్మగారి వల్ల వచ్చింది.

ఆవిడది రేకుల ఇల్లు. మధ్యాహ్నం మూడింటికి మా శ్లాబు ఇంట్లో గోడ థర్మామీటరు 38 చూపిస్తే, అదే థర్మామీటరు ఆవిడింట్లో అరగంట పెడితే 43 చూపించింది. రాత్రి పదింటికి కూడా రేకు మీద చెయ్యి ఆనదు. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ వడగాలి అంటుంది. ఆ లెక్క ఆరుబయట, ఎండ తగలకుండా గాలి ఆడే పెట్టెలో పెట్టిన థర్మామీటరుది. రేకుల కింద కాపురం చేసేవాళ్లది కాదు. 2015 మే నెలలో మన రాష్ట్రంలో వడదెబ్బకు 1,300 మందికి పైగా పోయారు. అందులో ఎక్కువమంది ముసలివాళ్లు, కూలి పనికి పోయేవాళ్లు. బెజవాడను బ్లేజ్‌వాడ అని పిలుచుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ పేరు వింటే ఇప్పుడు నాకు మామ్మగారి రేకులే కళ్లముందు మెదులుతాయి.

నోటుబుక్కులో ఇళ్ల జాబితా పక్కన కప్పు ఏమిటో కూడా రాయించాను. రోడ్డు కంటే పల్లంలో ఉన్న ఐదిళ్లలో నాలుగు రేకులవే. వేసవిలో ఎక్కువ ఉడికేదీ, వానాకాలం ముందు మునిగేదీ ఒకే నాలుగు కుటుంబాలు. ఇది చూశాక ప్రాజెక్టు ఎవరి కోసమో నాకు తేలిపోయింది.

చేసినవి: ఆ నాలుగు కప్పుల మీద సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేశాం. మామ్మగారింట్లో మూడింటి కొలత 43 నుంచి 40కి దిగింది. చాలదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా రామాలయం మండపం తలుపులు తీసి ఉంచడానికి పూజారిగారు ఒప్పుకున్నారు. కుండ, మజ్జిగ వంతులవారీగా.

ఈసారి రుతుపవనాలు మే 24నే కేరళ తాకాయి, మామూలు కంటే ఎనిమిది రోజులు ముందు. రోహిణిలో రోళ్లు పగలాల్సింది పోయి మబ్బులు కమ్ముతున్నాయి. కొలతల పని త్వరగా ముగించాలని టెన్షన్ మొదలైంది.

జూన్, మృగశిర

ఒక పూట పిల్లలు అడిగారు, "మేడమ్, బుడమేరు కృష్ణలో కలవదా? కృష్ణ పక్కనే ఉందిగా?" అని. బల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించాను.

బుడమేరు పుట్టేది మైలవరం వైపు కొండల్లో. సహజంగా పోవాల్సింది కొల్లేటికి. మధ్యలో మన ఊరు అడ్డం. అందుకని వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కణ్ణుంచి డైవర్షన్ కాలువ తవ్వి, థర్మల్ స్టేషన్ మీదుగా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లించారు. మామూలు రోజుల్లో ఇది బాగానే పనిచేస్తుంది. కానీ కృష్ణ కూడా పొంగి ఉంటే కాలువలో నీరు ఎక్కడికి పోతుంది? వెనక్కి ఎగదన్నుతుంది. పోయినేడు అదే జరిగింది. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, 2009 అక్టోబరు నాటి 11.10 లక్షలను కూడా దాటేసిన వరద. బుడమేరు డైవర్షన్ కాలువకు ఎడమ గట్టున మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆ నీరంతా పాత దారి పట్టింది. ఆ పాత దారిలోనే ఇప్పుడు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, మేమూ ఉన్నాం. వచ్చిన నీరు ఏనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింది తూముల్లోంచి దూరి కొల్లేటికి పోవాలి. కొల్లేరు నిండి ఉంటే అదీ నెమ్మదే. అందుకే రోజుల తరబడి నిలబడింది. సైన్యం కూడా వచ్చి సాయం పడితే గండ్లు పూడ్చగలిగింది సెప్టెంబరు 7న. ఆ రోజు వినాయక చవితి. మేం డాబా మీద, కింద నీరు, పత్రి లేదు, ఉన్న బిస్కెట్లే నైవేద్యం పెట్టాం.

"మళ్లీ వస్తుందా మేడమ్?" అని ఒక అమ్మాయి అడిగింది. నాకు తెలిసిన లెక్క చెప్పాను. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టి ఉంచుతుంది. భూమి సగటు వేడిలో 2024 ఇప్పటిదాకా లెక్కల్లో ఉన్న అన్ని ఏళ్లకంటే ఎక్కువ. పారిశ్రామిక యుగానికి ముందున్న వేడి కంటే ఒకటిన్నర డిగ్రీ దాటిన మొదటి సంవత్సరం. మన పక్కన బంగాళాఖాతం వేడెక్కుతోంది. తేమ ఎక్కువ మోసిన మబ్బు కురిసేటప్పుడు ఒక్కచోటే కుమ్మరిస్తుంది, మధ్యలో ఎండు రోజులు పెరుగుతాయి. ఒక్క వరదను పట్టుకుని ఇది దానివల్లే అని నేను చెప్పలేను. గట్టు బలం, కాలువ ఇరుకు, ఆక్రమణలు, పూడిక, ఇవన్నీ మనుషుల పనులే. కానీ అలాంటి వానలు ఎక్కువసార్లు వస్తాయని లెక్క వేసుకునే బతకాలి. ఆ అమ్మాయి మరేమీ అడగలేదు. మర్నాడు వాళ్ల నాన్నతో అల్మారా కింద రెండు వరసల ఇటుకలు పెట్టించింది.

ఇక ఇది మా వీధి నియమం: బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు, రెండోది 5.69 లక్షలకు ఇస్తారు. మొదటి హెచ్చరిక ఉన్నప్పుడు మైలవరం వైపు భారీ వాన అని వింటే, ఇంకేమీ చూడకుండా మైనస్ ఇళ్ల వాళ్లు సామాను పైకి చేర్చేస్తారు. ఉత్త పుణ్యానికి పైకి మోశామే అనిపించినా పరవాలేదు. రెండు నదుల కబురూ కలిపి వినాలన్నది మాకు ఆ వారం రోజుల్లో తెలిసొచ్చిన విషయం.

జూన్, ఆరుద్ర

మేస్త్రీ బాబాయి మామ్మగారి గుమ్మానికి అడ్డంగా 25 సెంటీమీటర్ల ఇటుక కట్ట కట్టి ప్లాస్టరు చేశాడు. ఇప్పుడు ఆవిడ గుమ్మం −37 కింద లెక్క. దాటేటప్పుడు పట్టుకోవడానికి ఇనుప కడ్డీ పెట్టాం.

వానమాపకం: రెండు లీటర్ల వాటర్ బాటిల్ మెడ కోసి, బోర్లించి గరాటులా పెట్టాం. అడుగు గుంటలు పడి ఉంటుంది కాబట్టి సిమెంటు పోసి చదును చేసి, ఆ చదును నుంచి స్కేలు అంటించాం. ట్యాంకు నీడ, చెట్టు నీడ పడని చోట డాబా మీద ఉంది. వాతావరణ శాఖ లాగే రోజూ ఉదయం 8.30కి చదవాలి. వంతులు పిల్లలవి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వానంటే సరిగ్గా ఒక లీటరు. ఇది వాళ్లకు భలే నచ్చింది.

సైడు కాలువ బుడమేరులోకి పోయే దారిలో ఉన్న చిన్న కల్వర్టు గోడ మీద అదే సున్నా లెక్కతో తెలుపు, ఎరుపు పట్టీలు వేశాం. దాన్ని మేం 'కల్వర్టు రాయి' అంటున్నాం.

జులై

మేడల జాబితా. ఇది ట్యూబు పని కంటే కష్టమైంది.

46 ఇళ్లలో పైఅంతస్తు ఉన్నవి 19. మిగిలిన 27 ఇళ్ల వాళ్లు ఎవరి మేడ ఎక్కాలో ముందే అనుకోవాలి. ఆ రాత్రి ఒక ఇంట్లో మెట్ల గ్రిల్లుకి తాళం ఉంది. ఓనర్లు వేరే ఊళ్లో ఉంటారు. కింద అద్దెకున్న దంపతులు చంటిపిల్లతో నడుంలోతు నీళ్లలో ఆ గ్రిల్లు పట్టుకుని నిలబడ్డారు. పక్కింటి పిట్టగోడ మీంచి చీర వేసి లాగాం. ఆ పిల్ల ఏడుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ ఓనరుగారికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. మొదట దొంగల భయం అన్నారు. కోపం తెచ్చుకోకుండా ఆ రాత్రి సంగతి మొత్తం చెప్పాను. వారం తిరక్కుండా తాళంచెవి కవర్లో పెట్టి కొరియర్ చేశారు. ఇప్పుడు 19 ఇళ్ల తాళాలూ గుడిలో, పూజారిగారి గూట్లో, ఇంటి నంబరు చీటీలతో వేలాడుతున్నాయి.

జతలు కుదిరాయి. మామ్మగారు మా మేడకి. "నా పూలబుట్ట కూడా పైకొస్తుందా?" అని ఖరారు చేసుకున్నాకే సరేనన్నారు. ఒక్కో మేడ మీద మూత ఉన్న 25 లీటర్ల క్యాన్లు: నలుగురికి, రోజుకి తలా మూడు లీటర్లు, నాలుగు రోజులంటే 48 లీటర్లు, కాబట్టి కుటుంబానికి రెండు. వరదలో చుట్టూ నీరే, తాగడానికి గుక్కెడు లేదు. ఆ దాహం ఎరిగినవాళ్లు కాబట్టి ఈ ఒక్క విషయంలో ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

ఫోన్ల మీద మాత్రమే ఆధారపడం. అప్పుడు కరెంటు పోయి రెండో రోజుకే ఫోన్లన్నీ చచ్చాయి. కల్వర్టు రాయి −70 చూపిస్తే వాట్సాప్ గ్రూపులో అంకె, −60 దాటితే గుడి గంట ఆపకుండా కొట్టడం. ఎవరు కొట్టాలి, వాళ్లు లేకపోతే ఎవరు అన్నది కూడా రాశాం.

ఆగస్టు, మఖ కార్తె

పరీక్ష వచ్చేసింది. వరద కాదు, ఒక సాయంత్రం కుంభవృష్టి. ఐదున్నర నుంచి ఆరున్నర దాకా గంటలో మా బాటిల్లో 38 మిల్లీమీటర్లు.

ఒక్కో ఇంటి కప్పు సగటున 80 చదరపు మీటర్లు అనుకుంటే, 46 ఇళ్ల కప్పుల మీద ఆ గంటలో పడింది దాదాపు 1,40,000 లీటర్లు. ఐదువేల లీటర్ల ట్యాంకర్లు 28 ఒక్కసారి తెచ్చి వీధిలో వదిలినట్టు. కాలువ తట్టుకోలేదు. కల్వర్టు రాయి −70, పావుగంటలో −60. గంట మోగింది. ఆఖరికి −49 దగ్గర ఆగింది.

మా జాబితా ప్రకారం −49కి తగిలేది ఐదిళ్లే. సరిగ్గా ఆ ఐదిళ్ల ముందే నీరు నిలబడింది. కట్ట కట్టిన మామ్మగారి గుమ్మంలోంచి చుక్క లోపలికి పోలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఐదు నిమిషాలకి లోపల్నుంచి మామ్మగారి కేక. వెళ్లి చూస్తే ఇల్లంతా నీరు. బాత్రూమ్ తూములోంచి మురుగు బుడబుడమంటూ పైకి తన్నుతోంది. గుమ్మం కొలిచాం, గుమ్మం ఎత్తు పెంచాం. బాత్రూమ్ నేల −66లో ఉందని, ఆ తూము నేరుగా సైడు కాలువలోకే తెరుచుకుని ఉందని మాకు తట్టనే లేదు. కాలువలో నీరు −49కి లేస్తే తూములో కూడా −49కే లేస్తుంది. ఐదు నెలలుగా చేతిలో పట్టుకు తిరుగుతున్న లెవెల్ ట్యూబు చెప్పేది అదే కదా. కాలువ ఒక కొస, బాత్రూమ్ ఇంకో కొస. పిల్లలకు ఆ సూత్రం నేర్పింది నేనే, ఇంట్లో ఉన్న ట్యూబుని చూడనిదీ నేనే. అవతలి వరసలో +12 గుమ్మం ఉన్న ఇంట్లో కూడా పల్లంగా కట్టిన పెరటి బాత్రూమ్‌లోంచి వచ్చింది.

ఆ రాత్రి మామ్మగారు మా మేడ మీదే పడుకున్నారు. బుట్టలో సగం మల్లెపూలు తడిసిపోయాయి. ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడం ఇంకా కష్టంగా ఉంది నాకు.

ఆగస్టు ఆఖరి వారం

ట్యూబు మళ్లీ బయటికి తీశాం. ఈసారి తూములు. 46 ఇళ్లలో ప్రతి బాత్రూమ్, వంటింటి తూము, పెరటి చప్టా కొలిచాం. −49 కంటే పల్లంలో తూములున్న ఇళ్లు 11. గుమ్మం లెక్కన ఐదే అనుకున్నాం.

మందు తేలికైనదే. మేస్త్రీ బాబాయి చెప్పినట్టు, పాత చీరగుడ్డలో ఇసుక కుట్టి పిడికిలంత మూట, దాని పైన పాలిథిన్ కవరు, ఆపైన ఒక ఇటుక. గంట వినగానే తూము మీద అదిమి పెట్టాలి. మామ్మగారింట్లో బకెట్లతో కాలువ వైపు నీరు పోసి పరీక్షించాం. కొద్దిగా చెమర్చింది కానీ తన్నలేదు. ఆ 11 ఇళ్లకూ మూటలు కుట్టింది టైలరు షాపు అక్క. డబ్బులు తీసుకోలేదు. శాశ్వతంగా అయితే తూము గొట్టానికి ఒకవైపే తెరుచుకునే మూత పెట్టాలి. నాలుగు రేకుల ఇళ్లకు అది ముందు చేయించాలని చందా మొదలుపెట్టాం. మామ్మగారిది, ఇంకొకటి అయ్యాయి. రెండు మిగిలాయి.

గుడి అరుగు మీద కాగితంలో ఇప్పుడు ప్రతి ఇంటికీ రెండు అంకెలు: గుమ్మం, తూము.

పక్క వీధివాళ్లు వచ్చి ట్యూబు అడిగారు. ఇచ్చాం. బుడగ సంగతి, బురద గీతతో సరిచూసుకునే సంగతి చెప్పడానికి మా పదో తరగతి పిల్లలే వెళ్లారు. వాళ్ల వీధిలో గీతలు ఇంకా మిగిలున్న గోడలు మూడే దొరికాయట. రంగులు వేయకముందే కొలవమని చెప్పి వచ్చారు.

సెప్టెంబరు 1

ఏడాదైంది. రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. వాన చప్పుడుకి రెండుసార్లు లేచి కిందికి చూశాను.

ఉదయం 8.30. బాటిల్లో 11 మిల్లీమీటర్లు. కల్వర్టు రాయి −104. మామ్మగారి తూము పొడిగా ఉంది.